ఓరుగల్లు వీధులలో మూగజీవములు

ఓరుగంటి వైభవమును వర్ణింపబూనినవారు కోటగోడలను, కీర్తితోరణములను, వేయిస్తంభముల గుడిని వర్ణింతురు. ఆ వీధులలో మనుష్యులతోబాటు తిరిగిన మూగజీవముల మాట చాలమందికి తోచదు. అయినను ఆ నగరజీవనమును తెలిసికొనుటకు మనకు మిగిలిన గ్రంథములలో ముఖ్యమైనది క్రీడాభిరామము. మంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇద్దరు మిత్రులు ఒక్క దినమున ఓరుగల్లంతయు చుట్టివచ్చుట అందలి కథ. వారు చూచిన వినోదములలో పొట్టేళ్ళ పోరాటము ఒకటి, కోడిపందెము మరియొకటి. సురవరం ప్రతాపరెడ్డిగారు తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఈ కావ్యమును ఆ కాలపు జీవితమునకు ఆధారముగా గ్రహించిరి. మన పూర్వులందరును భూతదయాపరులని చెప్పుకొనుట మనకు వేడుకగా నుండును. కాని జంతువుల నెత్తురు చూచి చప్పట్లు చరచుట పరదేశీయులు వచ్చి మనకు నేర్పిన విద్య కాదు.

అట్లని మన చరిత్రలో ఇంకొక పుట లేదనరాదు. క్రీడాభిరామమునకు సుమారు పదునారువందల ఏండ్లకు పూర్వమే, కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై అశోకచక్రవర్తి తన ధర్మశాసనములను చెక్కించెను. వానిలో మొదటిది జంతుబలిని నిషేధించును. పూర్వము రాజుగారి వంటశాలకై దినమునకు లక్షలకొలది ప్రాణులు చచ్చుచుండెడివనియు, శాసనము వ్రాయించునాటికి రెండు నెమళ్ళు, ఒక లేడి మాత్రమే చచ్చుచున్నవనియు, ఆ లేడియు నిత్యము కాదనియు, ముందు వానినిగూడ చంపరనియు అందు కలదు. చక్రవర్తి తన వంటింటి లెక్కను ఊరిబయట బండమీద వ్రాయించి ప్రజలకు చూపుట అరుదైన సంగతి.

రెండవ శాసనము అంతకన్న పెద్దదని నా అభిప్రాయము. మనుష్యులకును, పశువులకును వైద్యపు ఏర్పాట్లు చేయించితిననియు, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించితిననియు, బాటలవెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించితిననియు రాజు అందు చెప్పుకొనెను. మొదటి శాసనము వలదను మాట, రెండవది ఏర్పాటు. వలదనుటకు ఖర్చులేదు. బావి త్రవ్వింపవలెనన్నచో కూలి ఇయ్యవలెను, వైద్యుని నిలుపవలెనన్నచో జీతమియ్యవలెను. మూగజీవముల చరిత్రలో నేను వెదకునది ఈ రెండవదానినే.

ఓరుగల్లు ప్రాంతమున కరుణకు సంబంధించిన ఆనవాళ్ళు లేకపోలేదు. హనుమకొండలోని పద్మాక్షి గుట్టమీద కాకతీయుల మంత్రి బేతన భార్య మైలమ 1117లో జైనబసది కట్టించెను. అహింసను పరమధర్మముగా నెంచిన తీర్థంకరుల మూర్తులు ఆ రాళ్ళలో నేటికిని ఉన్నవి. భైరవునికి కుక్క వాహనము. ఓరుగల్లువారు కొలిచిన మైలారుదేవుని వెంటను కుక్క ఉండును. గణపతిదేవుని కొలువునకు వచ్చెనని ప్రసిద్ధి వడసిన తిక్కన రచించిన భారతములో, ధర్మరాజు తన్ను నమ్మివచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకైనను రానన్న కథ కలదు. ఆ కథ విని కన్నీరు పెట్టినవారే ఇల్లు చేరి గుమ్మములోని కుక్కను రాతితో కొట్టుటయు కలదు. కథలు ఏర్పాట్లు కావు.

శ్రోతలలో వయస్సుమళ్ళినవారికి బందెలదొడ్డి జ్ఞాపకముండును. ఊరి చివర నాలుగు గోడలు, ఒక తలుపు, ఒక కావలివాడు. పరుల చేనుమేసిన గొడ్డును అందులోనికి తోలుదురు. యజమాని జుల్మానా చెల్లించి విడిపించుకొనును. బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతములందు దీనికి 1871లో చట్టమే వచ్చెను. బందెలదొడ్డి దయచే పుట్టినది కాదు, చేలను కాపాడుటకు పుట్టినది. అయినను లోపలికి వచ్చిన పశువునకు మేతయు నీరును పెట్టుట కావలివాని విధియని ఆ చట్టములోనే వ్రాసిరి. ఆ మేత ఖర్చును యజమానినుండి వసూలు చేయుదురు. నాకు తెలిసినంతలో మన పల్లెలలో సర్కారు పూచీపై పశువును ఉంచి పోషించిన మొదటి తావు అదియే. దానిలో చోటుదొరకనిది ఒక్క కుక్క. దానికి యజమాని లేడు, విడిపించుకొని పోవువాడు లేడు, ఖర్చు రాబట్టుటకు దారిలేదు. కనుక దానికి మిగిలినది దుడ్డుకఱ్ఱ, లేదా విషము కలిపిన మాంసపు ముద్ద.

బొంబాయిలో ఇట్టి కుక్కల వేటయే పెద్ద అలజడికి కారణమయ్యెను. వేసవిలో వీధికుక్కలను చంపించుట అక్కడి కంపెనీ సర్కారు పద్ధతి. చంపినవానికి తలకింతయని బహుమానము ముట్టుచుండెను. 1832 జూన్ నెలలో పార్సీలు దీనిని ఎదిరించి వీధులకెక్కిరి. ఇతర మతములవారును కలసిరి. అంగళ్ళు మూతబడెను, సైన్యమును దింపవలసివచ్చెను. తరువాత రెండేండ్లకు, 1834లో, జంషెట్జీ జీజీభాయి అను పార్సీ వర్తకుడును, మోతీచంద్ అమీచంద్ అను జైన వర్తకుడును కలసి అక్కడ పింజరాపోలును స్థాపించిరి. ముసలి గొడ్లకు, అవిటి జంతువులకు, దిక్కులేని కుక్కలకు అది ఆశ్రయమయ్యెను. అలజడి చేసినవారు అంతటితో చేతులు దులుపుకొనక, గోడలు కట్టించి గడ్డికి డబ్బిచ్చిరి. ఇంగ్లండులో జంతుహింసానివారణ సంఘము వెలసినది 1824లో, కలకత్తాలో 1861లో.

నిజాం రాజ్యమునకు వత్తము. ఇరువదవ శతాబ్దము రెండవ దశకమున హైదరాబాదులో జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలి పనిచేయుచుండెను. జాతరలలో జంతుబలిని మాన్పించుటకై ఊరూర ప్రచారము సాగించిన ఈ మండలికి భాగ్యరెడ్డివర్మగారు తోడ్పడిరి. ఆయన 1888లో జన్మించి 1939లో కీర్తిశేషులైరి. అంటరానివారని పేరుపెట్టి వెలివేయబడిన ఆదిహిందువులకు పాఠశాలలు పెట్టించుట, జోగిని ఆచారమును రూపుమాపుట ఆయన జీవితవ్రతములు. మనుష్యులకే దిక్కులేనప్పుడు జంతువుల గొడవ ఎందుకని ప్రశ్నించువారు నేటికిని ఉన్నారు. మనుష్యులచే మనుష్యులుగా చూడబడనివారి పక్షమున జీవితమంతయు పోరాడిన ఆయనకు ఆ ప్రశ్న అడ్డురాలేదు. సమ్మక్క సారలమ్మ గద్దెలున్న మేడారములో నిలువెత్తు బంగారమని బెల్లము తూచి సమర్పించు ఆచారమొకటి మనకున్నదని ఈ సందర్భమున చెప్పదగును. మొక్కు చెల్లుటకు నెత్తురే కావలెనను నియమము మన జాతరలలో ఎల్లెడల లేదు.

వీధికుక్క విషయమున దయతోబాటు భయమును లెక్కింపవలసియున్నది. పిచ్చికుక్క కాటువలన వచ్చు వ్యాధి ఒకసారి బయటపడిన పిమ్మట రోగి బ్రతుకుట దాదాపు అసంభవము. 1885లో పాశ్చర్ టీకా కనుగొనెను. 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ ప్రారంభమైన పిదప మదరాసు రాజధానిలోని తెలుగువారికి ఆ కొండమీది వైద్యము అందుబాటులోనికి వచ్చెను. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో గొఱ్ఱె మెదడునుండి టీకా తయారుచేసెను. బొడ్డు చుట్టు వరుసగా సూదులు పొడిపించుకొన్న తరము దానిని మరువలేదు. కుక్క చేసిన తప్పునకు గొఱ్ఱె తల ఇచ్చుకొనవలసివచ్చెనన్నమాట! ఆ టీకా మనదేశమున ఈ శతాబ్దారంభమున నిలిచిపోయెను.

స్వతంత్ర భారతమున ఈ పనికి పూనుకొన్నవారు నాట్యకళాకోవిదురాలు శ్రీమతి రుక్మిణీదేవి అరుండేల్. రాజ్యసభకు నియమితులైన ఆమె జంతుహింసానివారణకై బిల్లును తెచ్చిరి. ప్రభుత్వమే చట్టము చేయునని నెహ్రూగారు మాట ఇవ్వగా ఆమె దానిని ఉపసంహరించుకొనిరి. 1960లో చట్టము వచ్చెను. 1962లో మదరాసు కేంద్రముగా జంతుసంక్షేమ మండలి ఏర్పడెను; తొలి అధ్యక్షురాలు ఆమెయే. ఆ చట్టములో మొదటి తప్పునకు జుల్మానా 10 రూపాయలనుండి 50 రూపాయలవరకు. 1960లో 50 రూపాయలు సొమ్మే. అదే అంకె నేటికిని నిలిచియుండుట హాస్యాస్పదము. వీధికుక్కలను నిర్ణీత పద్ధతిలో చంపుటకు ఆ చట్టములోనే మినహాయింపు కలదు. నగరసభలు దాని చాటున చాలకాలము గడపెను.

చంపుటవలన కుక్కలు తగ్గెనా? మదరాసు కార్పొరేషను దశాబ్దములపాటు చంపి చూచెను, తగ్గలేదు. దీనికి కారణము సులభము. కుక్క తన వీధిని తాను కాచుకొనును. దానిని తొలగించినచో చెత్తకుప్ప మిగులును, ఆ కుప్పకై ప్రక్కవీధి కుక్క వచ్చును, అది టీకాపొందనిది కావచ్చును. 1959లో కెప్టెన్ సుందరంగారు మదరాసులో స్థాపించిన బ్లూక్రాస్ సంస్థ 1964నుండి, చంపుటకు మారుగా శస్త్రచికిత్సచే సంతానమును ఆపి టీకావేయు పద్ధతిని బోధించుచు వచ్చెను. నగరము ఆ మాట వినుటకు 1996వరకు పట్టెను. 2001లో ఈ పద్ధతియే దేశమంతటికి నియమావళిగా వచ్చెను, 2023లో దానిని క్రొత్తగా ప్రకటించిరి. కుక్కను పట్టి, శస్త్రచికిత్స చేసి, కొన్ని దినములుంచి, టీకావేసి, గుర్తుకై చెవికొనను కత్తిరించి, పట్టినచోటనే విడువవలెను. హైదరాబాదులో 1992లో అమల, నాగార్జునగార్లు స్థాపించిన బ్లూక్రాస్ ఈ పనిలో మనకు దగ్గరి ఉదాహరణము.

మన వరంగల్లులోను నగరపాలక సంస్థ చింతగట్టువద్ద ఇట్టి కేంద్రమును నెలకొల్పెను. అయినను 2023 మే నెలలో కాజీపేట రైల్వేక్వార్టర్ల సమీపమున, పొట్టకూటికై ఉత్తరదేశమునుండి వచ్చిన కుటుంబములోని చిన్నబాలుడు కుక్కల పాలబడి మరణించెను. ఆ తల్లిదండ్రుల యెదుట భూతదయను గూర్చి ఉపన్యసించువాడు సిగ్గులేనివాడు. 2026 జనవరిలో హనుమకొండ జిల్లాలోని శాయంపేట, ఆరెపల్లి గ్రామములలో దాదాపు 300 కుక్కలను విషపుసూదులతో చంపించిరను ఫిర్యాదుపై పోలీసులు కేసు పెట్టిరి. నిందితులుగా పేర్కొనబడినవారిలో సర్పంచులును ఉండిరి. నేరము తేల్చుట న్యాయస్థానముల పని. నేను చూచునది మరియొకటి. బాలుని మరణమునకును, ఆ కుక్కల చావునకును వెనుకనున్నది ఒకే లోపము: చేయవలసిన శస్త్రచికిత్సలు, వేయవలసిన టీకాలు, ఎత్తవలసిన చెత్త సకాలమున జరుగలేదు. ఆ లోపమునకు మొదట బలియగువాడు ఆరుబయట ఆడుకొను బీదవాని బిడ్డ. రెండవది కుక్క.

2025లో సుప్రీంకోర్టు ఈ విషయమును చేపట్టెను. ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు కుక్కలనన్నిటిని ఆశ్రయశాలలకు చేర్చవలెనని చెప్పిరి. ఆగస్టు 22న మరియొక ధర్మాసనము దానిని సవరించి, పిచ్చిపట్టినవి, మీదపడి కరచునవి తప్ప తక్కినవానిని చికిత్స చేసి తమచోటనే విడువవలెనని ఆజ్ఞాపించెను. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సుస్టాండ్లు, రైల్వేస్టేషనుల ఆవరణలనుండి కుక్కలను తొలగించి ఆశ్రయశాలలలో ఉంచవలెనని మరియొక ఉత్తరువు వెలువడెను. ఆశ్రయశాలయను మాట పలుకుట తేలిక. ఇరుకుగదిలో కిక్కిరిసిన కుక్కలలో పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులు ఒకదానినుండి ఒకదానికి ప్రాకి ఉన్నవానిని ఊడ్చివేయును. క్రొత్తగా వచ్చినదానిని వేరుగా ఉంచు గది, పారునీటికి కాలువ, దినమునకు రెండుపూటల మేత, పిలిచిన వచ్చు వైద్యుడు లేనిచో అది బందెలదొడ్డికిని తీసికట్టు. దొడ్డిలోని గొడ్డునైనను విడిపించుకొనుటకు యజమాని వచ్చెడివాడు.

వరంగల్లుకు ఒక సౌకర్యమున్నది. మామునూరులో పశువైద్య కళాశాల కలదు. అందలి విద్యార్థులు అనుభవజ్ఞులైన వైద్యుల పర్యవేక్షణలో చింతగట్టునందును, మండలములందును పనిచేయుటకు నగరసభయు, కళాశాలయు ఒడంబడిక చేసికొనవచ్చును. నెలకు ఎన్ని కుక్కలను పట్టిరి, ఎన్నింటికి చికిత్స జరిగెను, ఎన్ని టీకాలు వేసిరి, కేంద్రములోనే చచ్చినవెన్ని, ఆసుపత్రులకు కుక్కకాటుతో వచ్చినవారెందరు, ఈ అయిదు అంకెలను ప్రతి నెల మొదటి తేదీన నగరసభ కార్యాలయపు గుమ్మమువద్ద పలకమీద వ్రాసి పెట్టవలెను. చక్రవర్తియే తన వంటశాలలో చచ్చు నెమళ్ళ లెక్కను బండమీద వ్రాయించెనుగదా.