పట్టా అడగని వైద్యం

1527 జూన్‌లో స్పెయిన్ నుండి 5 ఓడలలో సుమారు 600 మంది బయలుదేరారు. ఫ్లోరిడాను జయించి తమ రాజుకు సమర్పించడం వారి ఉద్దేశం. నాయకుడు పాన్‌ఫిలో ద నర్వాయెజ్. రాచవాటా లెక్క చూసే కోశాధికారి అల్వార్ నూన్యెజ్ కబేసా ద వాకా. ఆ ఇంటిపేరుకు ‘ఆవు తల’ అని అర్థం.

1528 ఏప్రిల్‌లో టాంపా అఖాతం దగ్గర దిగాక, కోశాధికారి వారించినా వినక, నర్వాయెజ్ ఓడలను వదిలి 300 మందిని లోపలికి నడిపించాడు. బంగారం దొరకలేదు, ఆకలి, జబ్బులు, అపలాచీల బాణాలు ఎదురయ్యాయి. ఓడల జాడ తెలియక, గుర్రాలను కోసుకు తింటూ, వాటి తోలుతో నీటి సంచులు, తమ చొక్కాలతో తెరచాపలు కుట్టుకొని 5 పడవలు కట్టారు. నవంబరులో నేటి టెక్సాస్‌లోని గాల్వెస్టన్ పరిసరాల్లో ఒక దీవికి కొట్టుకువచ్చినవారు సుమారు 80 మంది. చలికాలం గడిచేసరికి మిగిలినవారు 15 మంది.

చేరదీసి అన్నం పెట్టిన దీవివాసులలో కూడా కడుపు జబ్బు సోకి సగం మంది పోయారు. ఈ పరదేశులే కారణమని కొందరు వారిని చంపబోగా, అంతటి శక్తే ఉంటే తమవాళ్ళను చావనిచ్చేవారా అని ఒక స్థానికుడు అడ్డుపడ్డాడు. తరువాత దీవివాసులు వీరిని వైద్యం చేయమన్నారు. పరీక్ష పెట్టలేదు, పట్టా అడగలేదు. ఒప్పుకొనేదాకా తిండి మాత్రం ఆపేశారు. జపం, ఊదడం, శిలువ గుర్తు – ఇదే చికిత్స. రోగులు కోలుకున్నామన్నారు.

కబేసా ద వాకా కొన్నేళ్ళు ఊడిగం చేశాడు, గవ్వలు మోసి వర్తకం చేశాడు. చివరకు దోరాంతెస్, కస్తీయో, దోరాంతెస్ బానిసయిన మొరాకోవాసి ఎస్తెవానికోలతో కలిసి పడమటికి నడిచాడు. దారిలో ఒకనికి ఛాతీలో గుండె దగ్గర బాణపు ములికి ఇరుక్కుని ఉంది. కత్తితో కోసి, ములికి పెకలించి, జింక ఎముకతో రెండు కుట్లు వేశాడు. గాయం మానింది. ఈ సంగతి అతని స్వీయకథనంలోనిదే. రాజానుగ్రహం ఆశించి రాసినదని మరువరాదు. అయినా ఊదడం దగ్గర మొదలైన వైద్యుడు కత్తి పట్టేదాకా రావడం ఆ కథనంలో విశేషం.

1536లో మెక్సికో పశ్చిమాన బానిసల వేటలో ఉన్న స్పెయిన్ గుర్రపు దండు ఎదురైంది. వెంట వచ్చిన స్థానికులు ఆ దండూ వీరూ ఒకే జాతివారంటే నమ్మలేదు. వీరు రోగులను బాగుచేశారు, వారు ఆరోగ్యవంతులను చంపారు. వీరు ఉన్నది పంచారు, వారు దోచారు. ఈ తేడాను అతడే 1542లో అచ్చయిన పుస్తకంలో దాచకుండా చెప్పాడు. ఆపైన దక్షిణ అమెరికాలో రాజప్రతినిధి అయి, స్థానికులపై దౌర్జన్యాలను అరికట్టబోగా, వలసదారులే 1544లో అతణ్ణి బంధించి స్పెయిన్‌కు పంపారు. 1551లో శిక్ష పడింది. అధికారం చేతికొచ్చాక పాత పాఠాన్ని ఆచరించడం కష్టమే. ప్రయత్నించాడు, ఓడిపోయాడు.

ముందు నడిచి, స్థానికులతో మాట్లాడి, దారులు కనుక్కున్నవాడు ఎస్తెవానికో. ముగ్గురు దొరలకూ పదవులో భూములో దక్కాయి. అతడు బానిసగానే మిగిలి, 1539లో మరో యాత్రకు దారిచూపుతూ నేటి న్యూ మెక్సికోలో జూనీల ఊరిదగ్గర హతుడయ్యాడు. అతడు రాసినదేదీ లేదు. మిగిలిన నలుగురి వివరాలతో ముగిసే ఆ పుస్తకంలో చిట్టచివరి పేరు మాత్రం అతనిదే.