ముందు పరీక్ష, తర్వాత మందు

క్షయకు మందు లేని రోజుల్లో రాయలసీమ రోగికి దిక్కు మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం. 1915లో తెరిచిన ఆ శానటోరియంలో గాలి, ఎండ, మంచి తిండి, విశ్రాంతే వైద్యం. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ అనే క్షయ మందు బయటపడింది. మన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధన విభాగం నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ వచ్చింది. మందులైతే వచ్చాయి. ఎవరికి, ఎప్పుడు, ఎన్నాళ్లు ఇవ్వాలో తేలలేదు.

ఆ సంగతి తేల్చడంలో అనంతపురానికి పెద్ద పాత్రే ఉంది. ఇంటి దగ్గర మందులు వాడినా శానటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని మద్రాసు పరిశోధన అప్పటికే చూపింది. దాన్ని పట్టుకొని బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థ జిల్లా క్షయ కార్యక్రమాన్ని 1961లో అనంతపురం జిల్లాలో ప్రయోగాత్మకంగా నడిపింది. మరుసటి ఏడాది నుంచి అది దేశ కార్యక్రమమైంది. దాని ప్రాణమంతా ఒక గాజు పలకలో ఉంది. గళ్లను పలుచగా పూసి, మంట మీద కాచి, రంగులద్ది మైక్రోస్కోపు కింద పెడితే నీలం నేల మీద సన్నటి ఎర్ర పుల్లల్లా క్షయ క్రిములు కనబడతాయి. కనబడితే మందు. పక్కనున్న తుమకూరు జిల్లాలో బెనర్జీ, ఆండర్సన్ అనే పరిశోధకులు అదే కాలంలో ఒక బాధాకరమైన నిజం గమనించారు: క్షయ ఉన్నవాళ్లలో సగం మంది అప్పటికే ఆస్పత్రికి వెళ్లారు. దగ్గు మందు సీసా చేతికిచ్చి వాళ్లను ఇంటికి పంపేశారు.

పరీక్ష చూసి మందు ఇచ్చే ఆ క్రమశిక్షణ క్షయ దాటి ముందుకు సాగలేదు. జ్వరమంటే సూది, దగ్గంటే మాత్ర అయ్యింది. వానలు లేక వేరుశెనగ ఎండిపోతే మనిషి బెంగళూరు బస్సెక్కుతాడు, కోర్సు సగంలో ఆగుతుంది. అందులో అతని తప్పు ఎంత?

ఫలితం అప్పటి అనంతపురం జిల్లా బత్తలపల్లిలో కనబడింది. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆస్పత్రి వైద్యులు చర్మపు పుండ్లతో వచ్చినవాళ్ల నమూనాలు పరీక్షించి 2012లో వివరాలు ప్రచురించారు. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి దొరికిన నమూనాల్లో సగానికి మించి మెథిసిలిన్ రకం మందులకు లొంగనివే. పెద్ద నగరపు ఐసీయూ రోగుల మాట కాదిది, పల్లె జనం ఒంటి మీది పుండ్ల మాట.

2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన, మందుల నిబంధనల్లోని హెచ్1 షెడ్యూలు ప్రకారం కొన్ని యాంటీబయాటిక్‌లు అమ్మిన దుకాణం డాక్టరు చీటీ వివరాలను రిజిస్టరులో రాయాలి. మంచిదే, కానీ ఆస్పత్రి లోపల ఏం జరగాలో అది చెప్పదు. అక్కడి పని వేరు. మొదటి డోసుకు ముందే రక్తమో, మూత్రమో, చీమో క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపాలి. ప్రాణం మీదికొచ్చినప్పుడు మందు ఆపకూడదు, ఇవ్వాల్సిందే. రెండు మూడు రోజుల్లో రిపోర్టు రాగానే మళ్లీ చూడాలి. ల్యాబ్ ప్లేటు మీద ఏ మందు బిళ్ల చుట్టూ క్రిములు పెరగకుండా తగినంత ఖాళీ వలయం ఏర్పడిందో ఆ మందుల్లో తేలికైనదానికి మారాలి, అవసరం లేకపోతే ఆపేయాలి. ఆపరేషన్‌కైతే కోతకు ముందు గంటలోపు ఇచ్చిన డోసు చాలాసార్లు సరిపోతుంది. కుట్లు విప్పేదాకా సాగదీయడం అనవసరం.

అరవై ఏళ్ల కిందట అనంతపురం జిల్లాలో గాజు పలక చూసి మందు ఇచ్చారు. ఇప్పుడు ప్రతి ఏరియా ఆస్పత్రిలో కల్చర్ ల్యాబ్ పెట్టాలని ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలి. మీ ఇంట్లో మనిషి ఆస్పత్రిలో చేరితే డాక్టరును మొహమాటం లేకుండా అడగండి: "కల్చర్‌కు పంపారా సార్? ఈ మందు ఎన్ని రోజులు?"