కోటగోడలు, కొత్త కాఁపురములు

కట్టినవాని యుద్దేశము కట్టడమునందుఁ గడవఱకు నిలుచుట యరుదు. సత్రము పాఠశాల యగును. సైనికులు పండుకొనిన శాల సంసారుల యిల్లగును. మా విజయనగరమునఁ గంటోన్మెంటు అను పేట కలదు. కచేరులు, బడులు, ఉద్యోగుల యిండ్లు నేఁ డచ్చట నున్నవి. కూరలమ్మువాఁడు మొదలు వకీలు వఱకు ఎల్లరును ఆ పేరు పలుకుదురు గాని, అది కుంపిణీ దండు విడిసిన చోటని తలఁచువారు తక్కువ. ఆ దండు పుట్టుక తెలియవలెనన్న ముందుగాఁ గోటను జూడవలెను.

పూసపాటివారు 1713లో ఈ కోటకు శంకుస్థాపన చేసిరి. విజయనామ సంవత్సరము, విజయదశమి, జయవారమగు మంగళవారము, విజయరామరాజు పేరు, విజయనగరమను ఊరిపేరు, ఇట్లైదు విజయములు కూడినవని పెద్దలు చెప్పుదురు. ప్రతిపార్శ్వము సుమారు 240 మీటర్ల చతురస్రము. పది మీటర్ల యెత్తు రాతిగోడ. నాలుగు మూలల బురుజులు. ఇంత పటిష్ఠమైన కోట తన రాజులను గాపాడెనా? చరిత్రము లేదనియే చెప్పుచున్నది.

1757 జనవరిలో పెదవిజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటఁబెట్టుకొని బొబ్బిలిని నాశనము చేసెను. కొలఁదిదినములకే తాండ్రపాపారాయని కత్తికి గుడారములోఁ బలియయ్యెను. ఆ యుద్ధము వలదని వారించినది రాజు చెల్లెలు పైడిమాంబయని జనశ్రుతి. ఆమె మాట వినినవారు లేరు. ఆమె పెద్దచెఱువులో నైక్యమయ్యెననియు, పైడితల్లిగా వెలసెననియు నమ్మి జనులు నేఁటికిని సిరిమానును గుడినుండి కోటవఱకు ముమ్మాఱు త్రిప్పుచున్నారు. మాట వినని కోటముందఱకే ఏఁటేఁట ఆ తల్లి వచ్చుచున్నదని నాకుఁ దోఁచును.

తరువాత పేష్కషు బాకీల తగవు ముదిరి 1793లో కుంపిణీసేన కోటను బట్టుకొనెను. 1794 జులై 10వ తేదీని పద్మనాభమువద్ద చినవిజయరామరాజు తనవారితోఁ గూడ నేలకొరిగెను. 1802లో శాశ్వత పైసలా వచ్చెను. రాజు జమీందారయ్యెను, రాజుగారి సేన చెదరిపోయెను, కావలి కుంపిణీ పటాలమునకు దక్కెను. ఆ పటాలములో నున్నవారెవరు? చాలమంది మనవారే. తొలిదినములలో తెలుఁగుదేశమునఁ జేర్చుకొనిన సిపాయిలను బట్టి ఉత్తరహిందూస్థానమునఁ గుంపిణీ సిపాయిలందఱకును ‘తిలంగాలు’ అను పేరు వచ్చినది. మన జాతిపేరు దేశమంతట వ్యాపించుట కవిత్వముచేతఁ గాక కూలితుపాకిచేత నైనదనుట మనము దాఁచరాని నిజము.

ఇఁక నేఁటి మాట. 1958లో పి.వి.జి. రాజుగారు మాన్సాసు సంస్థను స్థాపించినపిదప కోట విద్యాలయముల పాలయ్యెను. లోపల స్త్రీల కళాశాల యున్నది. ఒకప్పుడు నా బడిపిల్లలను వెంటఁబెట్టుకొని అచ్చటికిఁ బోయితిని. ఒక బాలిక బురుజుక్రింద నిలిచి, “మేష్టారండీ, రాజులకాలంలో ఆడవాళ్లు ఎక్కడ ఉండేవారండీ?” అని యడిగెను. “లోపలికట్టులోనమ్మా, గోషాలో” అంటిని. ఆ పిల్ల గోడవంక చూచి, “అయితే ఈ గోడ శత్రువులకొక్కరికే కాదన్నమాట” అనెను. నేను బదులు చెప్పలేదు. ఈ యూరనే 1892లో ‘కన్యాశుల్కము’ తొలిసారి రంగమెక్కినది. కన్యలకు వెలకట్టిన కాలమునుండి కోటలోఁ గన్యలు చదువుకొను కాలమువఱకు మన మెంతదూరము నడచితిమో ఆ బాలిక ప్రశ్నయే కొలిచినది. హైదరాబాదు కోఠీలో ఆంగ్లేయుల రెసిడెన్సీ భవనమును 1949లో స్త్రీల కళాశాలయే యయ్యెను.

పాతకట్టడమునకు మూఁడు గతులు గలవు: తాళము, గునపము, కాఁపురము. తాళమువేసిన యింట రావి మొలచును. గునపము సంగతి మాకుఁ దెలియును. మూఁడులాంతర్ల స్తంభమును 2020లోఁ గూల్చినప్పుడు ఊరంతయు నొచ్చుకొనెను. మిగిలినది కాఁపురము. రోమక చక్రవర్తి డయోక్లెషియను 305 ప్రాంతమున స్ప్లిట్టు నగరమునఁ గట్టుకొనిన కోటవంటి సౌధమున, ఏడవ శతాబ్దిలో శత్రుభీతులైన జనులు సొచ్చి యిండ్లు కట్టుకొనిరి. నేఁటికిని ఆ గోడలనడుమ జనులు కాఁపురమున్నారు. అందుచేతనే అది నిలిచినది.

అయినను కాఁపురమన్న మాటతోనే తగవు తీఱదు. ఎవరి కాఁపురమన్న ప్రశ్న మిగిలియున్నది. ప్రజలసొమ్ముతోఁ గట్టిన బ్యారకులు ధనవంతుల మేడలై, ద్వారమునఁ గావలివాఁడు నిలిచినచో, తుపాకి మాఱినదే గాని కోట మాఱలేదు. జర్మనీలోని ఫ్రయిబుర్గునందు 1992లో ఫ్రెంచి సేన విడిచిపోయిన వోబాను బ్యారకులలోఁ గొన్నిటిని కూల్చక విద్యార్థులకును, స్వల్పాదాయము గలవారికిని నివాసములుగాఁ జేసిరి. మన పురపాలకు లనుకరింపఁదగిన మార్గమిది.

కనుక నా మనవి యిది. పాతగోడను దేనికి వాడుకొన్నను, మొదట అది చదువునకో, నిలువనీడ లేనివారికో యుపయోగపడునా యని చూడవలెను. గోడపై నొక ఫలకము నిలిపి జరిగినదంతయు వ్రాయవలెను. గెలుపులే కాక ఓటములును, రాజుల పేరులే కాక సిపాయిల కష్టమును. అటుపిమ్మట తలుపు తెఱచి యుంచవలెను. ఆ బాలిక కప్పుడు నేను చెప్పలేకపోయిన బదులు అదియే: గోడ తప్పు చేయదు, తలుపు మూసినవారు చేయుదురు.