కల్పన అనే కంప్యూటర్

కెర్నల్ అంటే ఇంగ్లీషులో గింజ లోపలి పప్పు. కంప్యూటర్‌లో అయితే ప్రాసెసర్లకి పని పంచే లోపలి ప్రోగ్రాం. దాన్ని ఎంచుకోవడానికీ ఒక చరిత్ర ఉంది.

1996లో లినక్స్ 2.0 వచ్చింది. ఒకటికంటే ఎక్కువ ప్రాసెసర్లు వాడుకోగలదు, కానీ లోపల ఒకే పెద్ద తాళం. మా అబూ హమూర్‌లో ఒక విల్లాలో నాలుగు కుటుంబాలు ఉన్నాయి, వంటగది ఒక్కటే అనుకోండి. ఒకరు వండుతుంటే మిగతావాళ్ళు గిన్నెలు పట్టుకుని బయట నిలబడాలి. నలుగురైతే సర్దుకుంటారు. 512 మంది అయితే?

ఎస్‌జీఐ కంపెనీకి ఐరిక్స్ అనే సొంత కెర్నల్ ఉండేది. అది అప్పటికే వందల ప్రాసెసర్లని నడిపింది! కానీ దాన్ని మిప్స్ ప్రాసెసర్ల కోసం రాశారు. కంపెనీ ఇటానియం వైపు వెళ్తూ లినక్స్‌ని ఎంచుకుంది. నాకైతే ఇది పెద్ద ధైర్యం అనిపిస్తుంది. అయితే లినక్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. పెద్ద తాళాన్ని చిన్న తాళాలుగా విడగొట్టే పని అప్పటికే చాలామంది చేస్తున్నారు. ఎస్‌జీఐ ఇంజనీర్లు కూడా లినక్స్‌ని పెద్ద యంత్రాలకి సరిపడేలా మార్చారు.

2004లో నాసా ఏమ్స్ కేంద్రంలో 512 ప్రాసెసర్లు ఒకే లినక్స్ కెర్నల్ కింద పనిచేశాయి. ఆ యంత్రం పేరు కల్పన. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా ప్రమాదంలో చనిపోయిన కల్పనా చావ్లా ఒకప్పుడు ఏమ్స్‌లోనే పనిచేశారు. (కల్పన అంటే ఊహ అని కూడా. ఈ మాట రాసుకోండి.) అదే ఏడాది అలాంటివి 20 కలిపి, 10,240 ప్రాసెసర్లతో కొలంబియా అనే సూపర్ కంప్యూటర్ కట్టారు.

ఆ పెద్ద తాళం లినక్స్ నుంచి పూర్తిగా పోయింది మాత్రం 2011లో, 2.6.39తో.