చర్చి వదిలి గోండు పల్లెలో బడి పెట్టిన ఎల్విన్: మెచ్చుకోవాల్సింది, నిలదీయాల్సింది



పోటీ పరీక్షల పుస్తకాల్లో వెరియర్ ఎల్విన్ గురించి ఒక్క లైనే ఉంటుంది: గిరిజనుల మీద పుస్తకాలు రాసిన ఆంత్రోపాలజిస్టు అని. బిట్టు కోసం బట్టీ పట్టి వదిలేస్తాం. కానీ ఆయన ముందు పాదిరి, తర్వాత గోండుల మధ్య బడి పెట్టిన మనిషి. హాస్టల్లో దీని గురించి చాలాసేపు వాదించుకున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాం.

ఎల్విన్ 1902లో ఇంగ్లండులో పుట్టారు. తండ్రి బిషప్. ఇంట్లో మతం చాలా గట్టిగా పాటించేవాళ్లు. ఆక్స్‌ఫర్డులో చదివి పాదిరి అయ్యారు. 1927లో ఒక క్రైస్తవ సేవా సంఘం తరఫున పూణె వచ్చి, గాంధీజీ వైపు తిరిగారు. 1932లో మిత్రుడు శామ్‌రావ్ హివాలేతో కలిసి అప్పటి మండ్లా జిల్లాలోని కరంజియా అనే గోండు పల్లెకు చేరారు. అక్కడ బడి, మందులిచ్చే చోటు, కుష్ఠు రోగులకు ఆశ్రయం నడిపారు.

బడి పెడితే చాలదు, మతం కూడా మార్చాలన్నది చర్చి మాట. పైగా బ్రిటిష్ ప్రభుత్వానికి విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేయమన్నారు నాగపూర్ బిషప్. ఎల్విన్ రెండూ ఒప్పుకోలేదు. 1935లో చర్చినే వదిలేశారు. అప్పటికి వయసు 33. పుట్టినప్పటి నుంచి పెరిగిన ఇంట్లోంచి బయటికి రావడం లాంటిదే అది.

మాకు ఇంకా పెద్దదనిపించింది ఆ తర్వాతి మార్పు. మొదట్లో ఆయన ఆశ్రమ నియమాలతో వచ్చారు. రాట్నం, శాకాహారం, మద్యనిషేధం. పత్తి పండని కొండల్లో రాట్నం ఎందుకు? ఇప్పసారా, ఆట, పాట లేకుండా గోండుల పండగ ఎలా? ఉండగా ఉండగా ఆయనే మారారు. నేర్పడానికి వచ్చిన మనిషి నేర్చుకోవడానికి కూర్చున్నారు. బస్తర్ మురియాల గోటుల్ మీద 1947లో పెద్ద పుస్తకమే రాశారు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పని, పద్ధతి, పాట నేర్పే చోటు గోటుల్. అంటే బడి రాకముందే మనకు బడి ఉంది.

ఇక నిలదీయాల్సింది. 1940లో ఎల్విన్ తన బడిలో చదువుకున్న కోసి అనే గోండు అమ్మాయిని పెళ్లాడారు. ఆయనకు 37 ఏళ్లు, ఆమె ఇంకా చిన్నపిల్ల. 1949లో కోర్టులో విడాకులు తీసుకున్నారు. ఎల్విన్ జీవితం పుస్తకాల్లో మిగిలింది. కోసి మాట ఎంతమంది విన్నారు? బడి పెట్టినందుకు దండం పెడదాం. కానీ గురువు, శిష్యురాలు అన్న సంబంధంలో ఎవరి చేతిలో బలం ఉందో కూడా అడుగుదాం.

దీనికి జవాబు మాకు మన ఆదిలాబాద్‌లోనే దొరికింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపేశాక, నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గోండుల పరిస్థితి చూడమని పంపింది. ఆయన ఎల్విన్‌కు స్నేహితుడే. 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు యువకులకే శిక్షణ ఇచ్చి టీచర్లను చేశారు. గోండీలో వాచకాలు తయారుచేశారు. బడిలో పాఠం చెప్పే గొంతు మొదటిసారి మనదైంది.

ఆ దారిలోనే 2000లో జీవో నంబరు 3 వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఉద్యోగాలు పోయాయని మాత్రమే మనం బాధపడుతున్నాం. ఒకటో తరగతి పిల్ల తన భాషలో నీళ్లు అడిగితే అర్థం చేసుకునే టీచరు ఉంటారా, ఉండరా అన్నది కూడా అందులో ఉంది.

ఎల్విన్ 33 ఏళ్లకు దారి మార్చుకున్నారు. పెళ్లయిందని, వయసు దాటిందని బీఈడీ, డీఎస్సీ వదిలేసిన అక్కలు, అన్నలు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు ఈ పోస్టు చదివి వినిపించండి. మీ ఊరి బడిలో మన భాషలో పాఠం చెప్పిన మొదటి టీచరు ఏ తెగవారో, ఏ కాలంలోనో పెద్దవాళ్లను అడిగి కింద రాయండి. ఆ చరిత్ర మనం రాసుకోకపోతే ఇంకెవరు రాస్తారు?

జై ఆదివాసీ!