శోథ – గుండె ధమనుల వ్యాధి

కాల్లో ముల్లు దిగితే ఆ చోటు ఎర్రబడుతుంది, వాచి సలుపుతుంది. రక్తంలోని తెల్లకణాలు అక్కడ చేసే పోరాటం అది. దాన్ని ఇన్‌ఫ్లమేషన్ అంటారు, తెలుగులో శోథ. ఇదే పోరాటం గుండెకు రక్తాన్నిచ్చే కరోనరీ ధమనుల గోడల్లో ఏళ్ళ తరబడి సడిలేకుండా సాగితే గుండెపోటుకు దారి తీస్తుంది.

చెడ్డ కొలెస్టరాల్ ధమని లోపొర కిందికి చేరుతుంది. దాన్ని మింగడానికి వచ్చిన తెల్లకణాలు కొవ్వుతో ఉబ్బి అక్కడే చిక్కుకుపోయి గడ్డగా పేరుకుంటాయి. వాటి నుంచి వచ్చే ఎంజైములు గడ్డ పైపొరను పలచబరుస్తాయి. ఒకనాడు ఆ పొర చిట్లుతుంది, దానిమీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. సగం కూడా పూడని ధమనిలోనూ ఇది జరగవచ్చు. అందుకే నిన్నటిదాకా చలాకీగా తిరిగిన మనిషి హఠాత్తుగా కుప్పకూలడం చూస్తాం.

కాలిఫోర్నియాలోని సన్నీవేల్ తెలుగు కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. పక్కనే మౌంటెన్ వ్యూలో ఎల్ కమీనో ఆసుపత్రి 2006లో దక్షిణాసియా వాసుల కోసమే ఒక హృదయ కేంద్రాన్ని తెరిచింది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, షికాగోల్లోని 906 మంది దక్షిణాసియా వాసులతో 2010లో 'మసాలా' అనే అధ్యయనం మొదలైంది. బరువు మామూలుగానే ఉన్నా మనవాళ్ళకు పొట్టలోపల, కాలేయంలో కొవ్వు ఎక్కువని అందులో తేలింది. ఆ కొవ్వు ఊరికే ఉండదు. శోథను రేపే రసాయనాలను రక్తంలోకి వదులుతుంది, వాటి ప్రేరణతో కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. హైసెన్సిటివిటీ సీఆర్‌పీ పరీక్ష కొలిచేది దాన్నే.

శోథను తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయా? 2017లో వెలువడిన క్యాంటోస్ ప్రయోగం దీనికి జవాబిచ్చింది. అంతకుముందే గుండెపోటు వచ్చిన 10,061 మందిపై కనాకినుమాబ్ అనే శోథను అణిచే మందును పరీక్షించారు. చెడ్డ కొలెస్టరాల్ తగ్గకపోయినా 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు 15 శాతం తగ్గాయి. అయితే ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి.

తర్వాతి ఏడాది మెథోట్రెక్సేట్ వంతు వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం నుంచి వచ్చిన మందు అది. క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి గొప్పగా పనిచేసిన ఆ మందు 4,786 మంది హృద్రోగుల్లో శోథనూ తగ్గించలేదు, గుండెపోట్లనూ ఆపలేదు. దాని వెనుక ఉన్న సుబ్బారావు 1948లో, 53 ఏళ్ళకే గుండె ఆగి కన్నుమూశారన్నది తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

చవకైన పాత మందు కాల్చిసిన్ నయమనిపించింది. ఇటీవలే గుండెపోటు వచ్చిన 4,745 మందిపై జరిపి 2019లో ప్రకటించిన ప్రయోగంలో రోజుకు అర మిల్లీగ్రాము మోతాదు ముప్పును 23 శాతం తగ్గించింది. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని ఆమోదించింది. 2024 నాటి మరో పెద్ద ప్రయోగంలో మాత్రం మేలు కనిపించలేదు. మన అడవినాభి దుంపలో ఉండేదీ ఈ కాల్చిసినే, కానీ ఆ దుంప విషం. నాటువైద్యంగా దాని జోలికి పోకూడదు.

2018 నాటి అమెరికా కొలెస్టరాల్ మార్గదర్శకాలు ముప్పు పెంచే అంశాల్లో సీఆర్‌పీ లీటరుకు 2 మిల్లీగ్రాములు లేదా అంతకుమించి ఉండటాన్ని, కీళ్ళవాతాన్ని, సోరియాసిస్‌ను, దక్షిణాసియా వంశాన్ని చేర్చాయి. వీటిలో ఏది ఉన్నా తదుపరి పరీక్షకు వెళ్ళినప్పుడు వైద్యుడికి తప్పక చెప్పండి.