శిశువు తలచర్మంపై ఎలక్ట్రోడు: ఒక ‘అరుదైన’ గాయపు చరిత్ర

గర్భస్థ శిశువు గుండె చప్పుడును వినే శాస్త్రీయ ప్రయత్నం స్టెతస్కోపుతో ఊపందుకుంది. 1821 డిసెంబరులో పారిస్ వైద్య అకాడమీ ఎదుట కెర్గరాడెక్ తన పరిశీలనలను సమర్పించారు. ఆ తరువాత దాదాపు నూట నలభై సంవత్సరాలు ఈ వినికిడి ప్రధానంగా తల్లి ఉదరం వెలుపలి నుండే సాగింది. 1906లో మాక్స్ క్రెమర్ శిశు హృదయ విద్యుత్ సంకేతాన్ని నమోదు చేశారు గాని, తల్లి గుండె సంకేతం ముందు అది మరీ బలహీనంగా కనిపించింది. స్పష్టమైన సంకేతం కావాలంటే శిశువు దేహాన్నే తాకవలసి ఉంటుంది. గాయాల చరిత్రకు మూలం ఈ సాంకేతిక అవసరమే.

యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ హాన్ 1958లో శిశు హృదయ స్పందన వేగాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో నమోదు చేసే విధానాన్ని ప్రకటించారు. 1963లో శిశువు తలచర్మానికి తగిలించే ఎలక్ట్రోడును వివరించారు. శస్త్రచికిత్సలో గాయపు అంచులను కలిపి పట్టే లోహపు క్లిప్పునే ఇందుకు మార్చుకున్నారు. గాయాన్ని మూసే సాధనమే ఇక్కడ గాయం చేసే సాధనమైంది. 1972లో సర్పిలాకారపు ఎలక్ట్రోడు వచ్చింది. ఉమ్మనీటి సంచి చితికిన తరువాత, తెరుచుకున్న గర్భాశయ ముఖద్వారం గుండా దీనిని చొప్పించి, సన్నని తీగ కొనను సుమారు 2 మిల్లీమీటర్ల లోతు దిగేలా శిశువు తలచర్మంలోకి తిప్పుతారు. సాధారణంగా మిగిలేది చిన్న గుర్తు మాత్రమే. కాని యోని మార్గంలోని సూక్ష్మజీవులకు ఆ రంధ్రం ద్వారమవుతుంది. చీముగడ్డలు, రక్తస్రావం, అరుదుగా తల్లి నుండి సంక్రమించిన హెర్పిస్ వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి.

1971లో కార్డెరోతో కలిసి హాన్ స్వయంగా ఒక శిశువైద్య పత్రికలో తలచర్మపు చీముగడ్డ గురించి వ్యాసం ప్రచురించారు. సాధనాన్ని రూపొందించినవారే దాని హానిని నమోదు చేయడం ప్రశంసనీయం. అయితే ఆ వ్యాస శీర్షికలోనే ఈ ఉపద్రవానికి ‘అరుదైన’ అనే విశేషణం చేరింది. ఆరు సంవత్సరాల తరువాత, 1977లో, ఒకాడా బృందం ఎలక్ట్రోడు అమర్చిన 929 మంది శిశువులను ముందుగానే నిర్ణయించుకొని పరిశీలించగా, 42 మందిలో, అంటే 4.5 శాతం మందిలో, చీముగడ్డలు కనిపించాయి. ఇతర నివేదికలలో ఈ సంఖ్య చాలా తక్కువ. ఈ వ్యత్యాసాన్ని ఆసుపత్రుల పరిశుభ్రతలోని తేడాగా మాత్రమే చూడటం సరికాదు. గడ్డ సాధారణంగా పుట్టిన మూడు నాలుగు రోజులకు, ఒక్కొక్కసారి వారాల తరువాత బయటపడుతుంది. అప్పటికి తల్లీబిడ్డలు ఇల్లు చేరి ఉండవచ్చు. ఇంటి వద్ద తేలిన గడ్డ ప్రసూతి విభాగపు రికార్డులోకి చేరదు. అందువల్ల అరుదుతనం కొంతమేరకు గాయానికి గాక, వెతికిన తీరుకు చెందినదని భావించవచ్చు.

గాయాన్ని స్వల్పంగా చూడటానికి మరొక కారణం, ప్రయోజనం అపారమన్న నమ్మకం. మెదడు దెబ్బతినకుండా కాపాడే సాధనం పక్కన ఒక చీముగడ్డ లెక్కలోనిది కాదు. ఈ నమ్మకాన్ని యాదృచ్ఛిక పరీక్షలు కుదిపాయి. 1976లో డెన్వర్‌లో హావర్‌క్యాంప్ బృందం ప్రమాదావకాశం ఎక్కువగా ఉన్న 483 మంది గర్భిణులను రెండు వర్గాలుగా పరిశీలించింది. నర్సులు చెవితో విన్న వర్గంకన్నా యంత్రంతో పర్యవేక్షించిన వర్గంలో సిజేరియన్లు రెండు రెట్లకు పైగా జరిగాయి. శిశువుల ఫలితాలలో మెరుగుదల కనిపించలేదు. 1985 నాటి డబ్లిన్ పరీక్షలో 12,964 మంది స్త్రీలు పాల్గొన్నారు. యంత్ర పర్యవేక్షణ వర్గంలో నవజాత శిశువుల మూర్ఛలు 12, చెవితో విన్న వర్గంలో 27. ఇది విస్మరించదగిన ప్రయోజనం కాదు. అయితే శిశు మరణాలు రెండు వర్గాలలోనూ సమానం. నాలుగేళ్ల వయసులో పరిశీలించినప్పుడు మస్తిష్క పక్షవాతం సంఖ్యలోనూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఈ ఫలితాల తరువాత చీముగడ్డ సంఖ్య మారలేదు. దానిని తూచే త్రాసు మారింది. తల్లికి హెచ్.ఐ.వి. లేదా క్రియాశీల హెర్పిస్ ఉన్నప్పుడు తలచర్మపు ఎలక్ట్రోడును వాడరాదన్న నియమం స్థిరపడింది. ఇతర సందర్భాలలోనూ, ఉదరంపై ఉంచిన సెన్సర్ సరైన రేఖను ఇవ్వనప్పుడే దానిని ఆశ్రయించే పద్ధతి వ్యాపించింది.